మట్టిలో మందు వెతికిన మనిషి: రెనే డ్యూబో

పిల్లలూ,

మన కొండల మీద చెట్లు ఏటా ఆకులు రాలుస్తాయి. మీ తాతల కాలంలోనూ రాల్చాయి, వాళ్ల తాతల కాలంలోనూ రాల్చాయి. అవన్నీ అట్లాగే పోగుపడి ఉంటే ఈపాటికి చెట్లు కొమ్మల దాకా ఆకుల్లో కూరుకుపోవాలి గదా! కాని ఆకుల్ని పక్కకి నెట్టి తవ్వి చూడండి. పైన ఎండాకులు, కింద చివికిన ముక్కలు, ఇంకొంచెం కింద నల్లటి మట్టి. అంతే. మరి ఆకులు ఏమయ్యాయి? పశువుల పేడ, చచ్చిన పురుగులు, కోసిన చేలో మిగిలిన మోళ్లు, ఇవన్నీ ఏమయ్యాయి?

మట్టిలోని జీవులు తినేశాయి. చెదలు, వానపాములు ముందు ముక్కలు చేస్తాయి. ఆ తర్వాత పని బూజులది, బాక్టీరియాది. కంటికి కనపడవుగాని చెంచాడు మట్టిలో ఇవి కోట్లకొద్దీ ఉంటాయి. ఈ సంగతి మీ జీవశాస్త్రం పాఠంలో ఉన్నదే. పాఠంలో లేని సంగతి ఒకటి ఈ వారం చెప్తాను. "ఎందుకు పోగుపడలేదు?" అనే ఈ చిన్న ప్రశ్ననే పట్టుకుని ఒక శాస్త్రజ్ఞుడు న్యుమోనియా క్రిమి ఒంటిమీది కవచాన్ని ఊడదీశాడు. ఆయన చూపిన దారిలో వెళ్లినవాళ్లు టీబీకి మొదటి మందు కనుక్కున్నారు. ఆయన పేరు రెనే డ్యూబో.

డ్యూబో 1901 ఫిబ్రవరి 20న ఫ్రాన్సు దేశంలో పుట్టాడు. పెరిగింది పల్లెటూళ్లో. తల్లిదండ్రులకి మాంసం కొట్టు ఉండేది. చిన్నతనంలోనే రుమాటిక్ జ్వరం వచ్చి గుండె దెబ్బతిన్నది. మిగతా పిల్లల్లాగా పరుగులు, ఆటలు కుదరలేదు. పారిస్‌లో వ్యవసాయ శాస్త్రం చదివి 1921లో పట్టా తీసుకున్నాడు. తర్వాత ఇటలీ వెళ్లి, రోము నగరంలోని అంతర్జాతీయ వ్యవసాయ సంస్థలో చేరాడు. అక్కడ ఆయన పని ఏమిటంటే, రకరకాల దేశాల వ్యవసాయ పత్రికలు చదివి, వాటిలోని విషయాన్ని కుదించి తిరిగి రాయడం. పొలం లేదు, ప్రయోగశాల లేదు. కుర్చీ, బల్ల, కాగితాలు!

1924లో అట్లా చదువుతుండగా ఒక వ్యాసం కంటపడింది. రాసినవాడు సెర్గీ వినొగ్రాడ్‌స్కీ. అప్పటికే పెద్దవాడు, 1856లో కీవ్‌లో పుట్టాడు. కొన్ని సూక్ష్మజీవులు ఆకు అలమూ, మాంసమూ ఏదీ తినకుండా గంధకం, అమ్మోనియా వంటి వాటినుంచే శక్తి తీసుకుని బతుకుతాయని కనిపెట్టినవాడు ఈయనే. ఆ వ్యాసంలో ఆయన చెప్పినదాని సారం ఇది: మట్టిలోని సూక్ష్మజీవుల్ని తెలుసుకోవాలంటే వాటిని మట్టిలోనే, తోటి జీవుల మధ్యనే చూడాలి.

ఇందులో అంత గొప్ప ఏముంది అంటారేమో. ఆ రోజుల్లో పద్ధతి వేరుగా ఉండేది. 1882లో క్షయ క్రిమిని కనుక్కున్న రాబర్ట్ కాక్ కాలంనుంచి, ఒక క్రిమిని మిగతావాటి నుంచి వేరుచేసి, గాజు పాత్రలో మాంసరసం లాంటి మంచి తిండి పెట్టి, ఒంటరిగా పెంచి పరీక్షించేవాళ్లు. ఏ జబ్బు ఏ క్రిమి వల్ల వస్తుందో తేల్చడానికి ఆ పద్ధతి చాలా మంచిది, దానికి పేరు పెట్టనక్కర్లేదు. కాని మట్టి సంగతి అట్లా కాదు. మట్టిలో తిండి తక్కువ, పోటీ ఎక్కువ. ఒకరు వదిలేసింది మరొకరు తింటారు, ఒకరినొకరు చంపుకుంటారు కూడా. అడవి జింకని తెచ్చి కొట్టంలో కట్టేసి, జొన్నలు పెట్టి, "జింక అంటే ఇట్లా ఉంటుంది" అని పుస్తకం రాస్తే ఎట్లా ఉంటుంది? (మీరే చూడండి, ఇంటిదగ్గర ఒకలా ఉంటారు, హాస్టల్లో ఒకలా ఉంటారు!)

ఈ ఒక్క వ్యాసం తన బతుకుదారిని మార్చిందని డ్యూబో తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ఉద్యోగం వదిలి, ఆ ఏడే అమెరికాకి ఓడ ఎక్కాడు. అదృష్టం చూడండి, అదే ఓడలో మట్టి సూక్ష్మజీవుల శాస్త్రజ్ఞుడు సెల్మన్ వాక్స్‌మన్ ప్రయాణం చేస్తున్నాడు. ఆయన న్యూజెర్సీ రాష్ట్రంలో రట్గర్స్ అనేచోట పనిచేసేవాడు. డ్యూబో ఆయన దగ్గరే శిష్యుడుగా చేరాడు.

అక్కడ ఎంచుకున్న విషయం సెల్యులోజ్. గడ్డి, ఆకు, కర్ర, నూలుబట్ట, కాగితం, వీటన్నిటిలోనూ ఎక్కువ ఉండేది సెల్యులోజే. మట్టిలో దాన్ని ఎవరు తింటారు? డ్యూబోకి దొరికిన జవాబు "ఫలానా క్రిమి" అని ఒక్క పేరు కాదు. మట్టి పులుపుదనం, తడి, గాలి, నత్రజని మారినకొద్దీ తినేవాళ్లు మారిపోతున్నారు. ఒకచోట బూజులు ముందుంటే ఇంకోచోట బాక్టీరియా ముందుంటాయి. చోటుని బట్టే పని. 1927లో ఈ పరిశోధనకి డాక్టరేటు వచ్చింది.

ఇక్కడినుంచి కథ ఆసుపత్రి వైపు తిరుగుతుంది.

అదే సంవత్సరం డ్యూబో న్యూయార్కులో రాక్‌ఫెల్లర్ సంస్థకి వెళ్లాడు. భోజనాల బల్ల దగ్గర ఆస్వాల్డ్ ఏవరీ అనే డాక్టరు పక్కన కూర్చున్నాడు. (ఇంటర్ చదివే అన్నలకి ఈ పేరు తెలిసి ఉంటుంది. వారసత్వ లక్షణాలు మోసేది డీఎన్ఏ అని 1944లో చూపించిన బృందానికి పెద్ద ఈయనే.) ఏవరీని ఎన్నో ఏళ్లుగా ఒక సమస్య పీడిస్తోంది. న్యుమోనియా తెచ్చే క్రిమికి చుట్టూ జిగురులాంటి పై తొడుగు ఉంటుంది. అది ఒకరకం చక్కెరల పొడుగాటి గొలుసు. మన రక్తంలోని తెల్లకణాలు క్రిమిని మింగబోతే ఈ తొడుగు పట్టు దొరకనివ్వదు. తొడుగు ఊడితే క్రిమి చేతకానిదైపోతుంది. కాని దాన్ని కరిగించే పదార్థం ఏదీ దొరకలేదు. జంతువుల నుంచి, మొక్కల నుంచి తీసిన ఎంజైములన్నీ వేసి చూశారు, కరగలేదు.

డ్యూబో వైద్యుడు కాడు, మట్టి మనిషి. ఆయన ఆలోచన ఇట్లా సాగింది. ఈ క్రిములు భూమ్మీద ఎంతకాలంగానో ఉన్నాయి. చచ్చిన ప్రతిదాని తొడుగూ ఎక్కడో నేలలో పడుతూనే ఉంది. దాన్ని తినేవాళ్లు ఎవరూ లేకపోతే ఈపాటికి భూమంతా ఆ జిగురుతో నిండిపోయి ఉండాలి. నిండలేదు. అంటే తినేది ఏదో మట్టిలో ఉంది. మన కొండ మీది ఆకుల లెక్కే!

ఉందని నమ్మడం తేలిక, పట్టుకోవడం కష్టం. చెంచాడు మట్టిలో కోట్ల జీవులుంటే అందులో ఈ ఒక్కదాన్ని ఎట్లా ఏరాలి? డ్యూబో ఏరలేదు. రకరకాల చోట్ల మట్టి తెచ్చి, నీళ్లలో కలిపి, ఆ నీళ్లలో తిండి కింద న్యుమోనియా క్రిమి తొడుగు పదార్థం ఒక్కటే పెట్టాడు. ఇంకేమీ పెట్టలేదు. అది తినగలిగినదే పెరుగుతుంది, మిగతావి ఆకలితో ఆగిపోతాయి. చివరికి న్యూజెర్సీలో క్రాన్‌బెర్రీ అనే పుల్లటి ఎర్రపండ్లు పండించే చిత్తడినేల మట్టిలో ఒక బాక్టీరియా దొరికింది. దానినుంచి తీసిన ఎంజైము క్రిమి తొడుగుని కరిగించేసింది. క్రిమిని చంపలేదు, చొక్కా మాత్రం ఊడదీసింది. మిగతా పని తెల్లకణాలు చూసుకున్నాయి. చావవలసిన ఎలుకలు బతికాయి. 1930లో ఏవరీ, డ్యూబో కలిసి ఈ సంగతి ప్రకటించారు.

ఇందులో నాకు అన్నిటికంటె ముఖ్యం అనిపించే ముక్క ఇంకొకటి ఉంది. ఆ బాక్టీరియాకి మామూలు మంచి తిండి పెడితే బాగానే పెరుగుతుంది, కాని ఎంజైము తయారుచేయదు. తొడుగు పదార్థం తప్ప వేరే గతి లేనప్పుడే చేస్తుంది. అంటే దానిని మాంసరసంలో పెంచి వందేళ్లు పరీక్షించినా, దానికి ఈ విద్య వచ్చని మనకి తెలిసేది కాదు. వినొగ్రాడ్‌స్కీ చెప్పింది ఇదే గదా.

ఆ ఎంజైము మనుషులకి మందుగా మాత్రం రాలేదు. శుద్ధి చేయడం కష్టం. ఇంతలో 1930ల మధ్యలో సల్ఫా మందులు వచ్చాయి, అవి చౌక. డ్యూబో చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఈసారి ఒక పాత్రలో మట్టి వేసి, దానికి బతికున్న జబ్బు క్రిముల్నే తిండిగా కొద్దికొద్దిగా వేస్తూ పోయాడు. చీము పట్టించేవి, న్యుమోనియా తెచ్చేవి. వాటిని చంపి తినేది ఏదైనా ఉంటే మట్టిలో బలపడుతుందని ఆలోచన. అట్లా దొరికిన ఒక బాక్టీరియా నుంచి 1939లో తీసిన మందులోని భాగమే గ్రామిసిడిన్. అది రక్తంలోకి వెళ్తే ఎర్రకణాలు పగిలిపోతాయి, కాబట్టి సూదిగా పనికిరాదు. పైపూతకి బాగా పనిచేసింది. న్యూయార్కులో జరిగిన పెద్ద ప్రదర్శనలో పాడి ఆవులకి పొదుగువాపు వస్తే ఈ మందునే వాడారు.

పిల్లలూ, ఇక్కడ ఒక హెచ్చరిక. మట్టిలో మందు ఉందన్నారు గదా అని గాయం మీద మట్టి పెట్టకండి. ధనుర్వాతం తెచ్చే క్రిమి ఉండేది కూడా ఆ మట్టిలోనే. డ్యూబో మట్టి పూయలేదు. మట్టిలోంచి ఒక జీవిని, ఆ జీవినుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, ఎన్నో పరీక్షలు చేశాడు. కాలికి గొడ్డలి తగిలినా, మేకు గుచ్చుకున్నా శుభ్రమైన నీళ్లతో, సబ్బుతో కడిగి టీటీ సూదికి వెళ్లాలి.

శిష్యుడి పని చూసి గురువుకి పట్టుదల వచ్చింది. వాక్స్‌మన్ తన ప్రయోగశాలను మొత్తం మట్టి మందుల వేటకి తిప్పాడు. 1943లో ఆల్బర్ట్ షాట్జ్ అనే 23 ఏళ్ల విద్యార్థి అక్కడ స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నాడు. బాగా ఎరువు వేసిన పొలం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి అది. తొలకరి చినుకు పడగానే నేలనుంచి కమ్మటి వాసన వస్తుంది చూశారా? ఆ వాసనలో ఎక్కువ పాలు ఈ జీవి కుటుంబం తయారుచేసేదే. క్షయ క్రిమిని మనిషి ఒంట్లో దెబ్బతీసిన మొదటి మంచి మందు స్ట్రెప్టోమైసిన్. అంతకుముందు టీబీ వస్తే మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఆ పైన దేవుడి దయ. 1952లో నోబెల్ బహుమతి వాక్స్‌మన్ ఒక్కడికే ఇచ్చారు. షాట్జ్ అంతకుముందే కోర్టుకి వెళ్లి, తనూ కనుక్కున్నవాళ్లలో ఒకడినని ఒప్పించుకున్నాడు. బహుమతిలో ఆ కుర్రవాడికి భాగం రాకపోవడం న్యాయం కాదని నా అభిప్రాయం.

మనవాళ్ల సంగతి కూడా ఒకటి చెప్పాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అప్పుడు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధనలకి పెద్దగా ఉండేవారు. ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ అనే ముసలి వృక్షశాస్త్రజ్ఞుడు ఎన్నో ఊళ్ల మట్టి తెప్పించి పరీక్షించాడు. మిస్సోరీ రాష్ట్రంలోని ఒక పొలం మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. దానినుంచి వచ్చిన ఆరియోమైసిన్ 1948లో బయటికి వచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది.

డ్యూబో ఇంట్లో ఏం జరిగిందో ఇప్పుడు చెప్తాను. ఆయన భార్య మేరీ లూయిస్‌కి టీబీ. 1942లో చనిపోయింది. స్ట్రెప్టోమైసిన్ దొరికింది ఆ మరుసటి ఏడు. మట్టిలో మందులు వెతకవచ్చని దారి చూపినవాడి ఇంటికే మందు ఒక్క ఏడాది ఆలస్యంగా వచ్చింది. ఆ తర్వాత డ్యూబో కొత్త మట్టి మందుల వేట వదిలి టీబీ మీద పడ్డాడు. క్షయ క్రిమి గాజుపాత్రలో ముద్దలు కట్టి చాలా నెమ్మదిగా పెరిగేది. అది విడివిడిగా, త్వరగా పెరిగే ద్రవం తయారుచేశాడు. దానితో పరీక్షలు సులువయ్యాయి.

అక్కడ కూడా ఆయన వేసింది పాత ప్రశ్నే. క్రిమి ఒంట్లో ఉన్నవాళ్లందరికీ జబ్బు ఎందుకు రాదు? మట్టిలో ఒక క్రిమి పెరగడం చోటుని బట్టి ఉన్నట్టే, ఒంట్లో పెరగడం కూడా ఒంటి స్థితిని బట్టి ఉంటుందన్నాడు. తిండి చాలకపోవడం, గాలి ఆడని ఇరుకు ఇళ్లు, ఒళ్లు హూనమయ్యే పని, ఇవి ఉన్నచోట టీబీ బలుస్తుంది. రెండో భార్య జీన్‌తో కలిసి 1952లో క్షయ చరిత్ర మీద ఒక పుస్తకమే రాశాడు.

ఇంకో మాట కూడా 1940ల మొదట్లోనే చెప్పాడు. మందులు వచ్చాయని మురిసిపోకండి, క్రిములు వాటికి అలవాటు పడతాయి అని. మందు వేస్తే చాలా క్రిములు చస్తాయి. దాన్ని తట్టుకునే కొన్ని మిగులుతాయి. పోటీ లేని చోట అవే పెరుగుతాయి. పాత్రలో ఒకే తిండి పెట్టి ఒక బాక్టీరియాని గెలిపించినవాడికి ఇది తెలియక పోతుందా! అట్లాగే జరిగింది. స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు ముందు తేరుకున్న రోగుల్లో చాలామందికి కొన్ని నెలల్లోనే క్రిమి మందుకి లొంగడం మానేసింది. అందుకే టీబీకి ఒక మందు కాదు, మూడు నాలుగు కలిపి ఇస్తారు. ఒకదాన్ని తట్టుకున్నది మరొకదానికి చస్తుంది.

మన ఊళ్లలో ఆశా అక్క, ఏఎన్ఎం అక్క ఇచ్చే టీబీ మాత్రల్లో రిఫాంపిసిన్ ఉంటుంది. అది వేసుకున్నవాళ్లకి మూత్రం ఎర్రగా వస్తుంది. కొందరు రక్తం పడుతోందని భయపడి మాత్రలు మానేస్తారు. అది రక్తం కాదు, మందు రంగే. ఆ మందు కూడా మట్టిదే తెలుసా? 1957లో ఇటలీ శాస్త్రజ్ఞులు ఫ్రాన్సు సముద్రతీరంలో పైన్ చెట్ల కింది మట్టిలో దాని మూలాన్ని పట్టుకున్నారు. (అప్పుడు ఆడుతున్న 'రిఫిఫీ' అనే సినిమా పేరు కలిసేట్టుగా మందుకి పేరు పెట్టారు. శాస్త్రజ్ఞులూ సినిమాలు చూస్తారు మరి!) మామూలు టీబీకి ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, మనిషి పనికి వెళ్లగలుగుతాడు. "ఇంకెందుకు?" అని మానేసేది అప్పుడే. ఒంట్లో మిగిలిన మొండి క్రిములు పెరిగేదీ అప్పుడే. తర్వాత అదే మాత్ర వేసినా పనిచెయ్యకపోవచ్చు, ఇంట్లో చిన్నపిల్లలకి అంటేది కూడా ఆ మొండి టీబీయే. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఎవరైనా రెండు వారాలకి మించి దగ్గుతుంటే కళ్ళె పరీక్షకి తీసుకెళ్లండి. మాత్రలు వాడేవాళ్లు ఉంటే ఎన్ని నెలలు అయిందో అడగండి. ఎర్ర మూత్రం సంగతి మీరే చెప్పండి.

మట్టిలో ఇంకా మందులు ఉన్నాయా? చాలా ఉండాలి. ఎందుకంటే మట్టిలోని బాక్టీరియాలో చాలా భాగం ప్రయోగశాలలో పెట్టే తిండి మీద పెరగనే పెరగవు. వంద రకాల్లో ఒకటి పెరిగితే గొప్ప. 2015లో అమెరికాలో బోస్టన్ శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం చేశారు. చిన్న చిన్న రంధ్రాలున్న పలక తీసుకుని, ఒక్కో రంధ్రంలో ఒక్కో జీవి ఉండేట్టు చేసి, పైనా కిందా పలచటి పొర వేసి, ఆ పలకని తిరిగి అదే మట్టిలో పాతిపెట్టారు. మట్టిలోని తేమ, లవణాలు పొరలోంచి లోపలికి వస్తాయి, జీవి మాత్రం బయటికి పోదు. తన ఇంట్లో తాను ఉన్నట్టే. అట్లా పెరిగిన ఒక కొత్త బాక్టీరియానుంచి టెక్సోబాక్టిన్ అనే పదార్థం దొరికింది. మొండి క్రిములు కొన్నిటిని అది చంపుతుంది. 1924లో రోములో డ్యూబో చదివిన మాటకీ, ఈ పలకకీ మధ్య తొంభై ఏళ్లు!

డ్యూబో 1982లో న్యూయార్కులో చనిపోయాడు, సరిగ్గా 81వ పుట్టినరోజు నాడు.

ఇప్పుడు మనం చేయగలిగిన పని ఒకటి. డ్యూబో డాక్టరేటు కోసం చేసిన సెల్యులోజ్ పరిశోధనని మనం బనియను గుడ్డతో చేద్దాం. చిరిగిన నూలు బనియను ఒకటి తెచ్చి, బెత్తెడు వెడల్పు, జానెడు పొడుగు ముక్కలు నాలుగు కత్తిరించండి. ఒకటి చెట్టు కింద ఆకుల మట్టిలో, ఒకటి మెస్సు వెనక ఎరువుగుంట పక్కన, ఒకటి ఆటస్థలంలో గట్టినేలలో, బెత్తెడు లోతున పాతండి. నాలుగోదానికి, వంటమ్మని అడిగి, మూకుడులో మట్టిని బాగా వేయించి, చల్లారాక డబ్బాలో పోసి, అందులో పాతి, కాచి చల్లార్చిన నీళ్లు చల్లి మూతపెట్టండి. వీటితోపాటు ప్రతిచోటా ఒక నైలాన్ రిబ్బను ముక్క కూడా పెట్టండి, అదెందుకో మీరే ఆలోచించండి. పాతినచోట పుల్ల గుచ్చి తారీఖు రాయండి. తవ్వేటప్పుడు చేతికి గాయం ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి, అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడగాలి.

నలభై రోజుల తర్వాత తవ్వుదాం. ఏ ముక్క ఎంత మిగిలిందో ముందే ఊహించి, పేరు, తరగతి రాసి ఈ పత్రిక కింద ఉన్న పెట్టెలో వేయండి. తవ్వి తీసిన ముక్కల్ని కడిగి, ఆరబెట్టి, ఇదే గోడకి ఈ కాగితం పక్కన వరసగా గుచ్చుతాం.